డొక్కలో పోటు: తప్పు ఊపిరిదీ కాదు, స్టామినాదీ కాదు

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి, అంటే పోలీసు ఉద్యోగాలకు పెట్టే పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలకు, ప్రాక్టీస్ చేసేవాళ్ళు తెల్లవారుజామున ఐదింటికల్లా ఏ కాలేజీ గ్రౌండ్‌లోనైనా కనిపిస్తారు. మొదటి రౌండ్ అందరూ హుషారుగానే పరుగెత్తుతారు. రెండో రౌండ్ సగానికి వచ్చేసరికి ఒకరిద్దరు కుడి డొక్క పట్టుకుని వంగిపోతారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట అంటారు. "స్టామినా చాల్లేదు" అని ఒకరు, "నోటితో గాలి పీల్చకు" అని ఇంకొకరు, "ఇంకొంచెం గ్లూకోజ్ తాగి రా" అని మరొకరు. ఈ మూడు సలహాల్లో మొదటిది మనసు విరిచేస్తుంది, రెండోది పెద్దగా పనిచేయదు, మూడోది నొప్పిని పెంచే అవకాశమే ఎక్కువ.

ఇది చిన్న విషయం కాదు. 2022 తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలని పెట్టారు. 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలకు రౌండుకు 109 సెకన్లు కూడా ఉండవన్నమాట. డొక్కలో పోటు వచ్చి ముప్పై సెకన్లు పోతే రాతపరీక్షకు చదివిన చదువంతా ఆ గ్రౌండ్‌లోనే ఆగిపోతుంది. అందుకే ఈ నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో, మన చేతిలో ఏముందో కాస్త నిదానంగా తెలుసుకోవాలి.

ముందు నొప్పిని సరిగ్గా చూద్దాం. పక్కటెముకల అంచు కిందుగా, ఎక్కువగా కుడివైపు, కొందరికి ఎడమవైపు వస్తుంది. "ఎక్కడ?" అని అడిగితే అరచేత్తో పొట్టంతా చూపించరు, ఒక్క వేలితో చోటు చూపిస్తారు. గట్టిగా వచ్చినప్పుడు సూదితో పొడిచినట్టు ఉంటుంది, తేలిగ్గా వచ్చినప్పుడు లాగినట్టో పట్టేసినట్టో ఉంటుంది. కొందరికి దాంతోపాటు అదే వైపు భుజం కొసన కూడా నొప్పి వస్తుంది. ఆగిపోతే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. డాక్టర్లు దీనికి ఎక్సర్‌సైజ్ రిలేటెడ్ ట్రాన్సియెంట్ అబ్డామినల్ పెయిన్ అని పొడవాటి పేరు పెట్టారు, క్లుప్తంగా ఈటాప్ అంటారు. వ్యాయామంలో వచ్చి దానంతటదే పోయే పొట్టనొప్పి అని దాని అర్థం. ఒక్క వేలితో చూపించగలగడం, భుజం కొసన నొప్పి, ఈ రెండూ గుర్తుంచుకోండి. అసలు కారణం దగ్గరికి మనల్ని తీసుకెళ్ళేవి ఇవే.

ఈ నొప్పి మీద ఎక్కువగా పనిచేసినవాళ్ళు ఆస్ట్రేలియా పరిశోధకులు డారెన్ మోర్టన్, రాబిన్ కాలిస్టర్. 2000లో వాళ్ళు ఆరు రకాల క్రీడల్లో ఉన్న 965 మందిని అడిగి ఒక సర్వే చేశారు. గడిచిన ఏడాదిలో ఒక్కసారైనా ఈ నొప్పి వచ్చిందన్నవాళ్ళు ఈతగాళ్ళలో 75 శాతం, పరుగు తీసేవాళ్ళలో 69, గుర్రపు స్వారీ చేసేవాళ్ళలో 62, ఏరోబిక్స్‌లో 52, బాస్కెట్‌బాల్‌లో 47, సైకిల్ తొక్కేవాళ్ళలో 32. చాలాకాలంగా చెప్పుకుంటున్న కారణాలు ఒక్కొక్కటిగా ఈ అంకెల ముందు నిలబడలేకపోయాయి. అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

మొదటి కారణం డయాఫ్రమ్. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకుని మనకు శ్వాస ఆడించే కండరం అది. పరుగులో రక్తమంతా కాళ్ళకు వెళ్ళిపోతుందని, డయాఫ్రమ్‌కు రక్తం చాలక నొప్పి పుడుతుందని 1941 నాటికే వైద్య పత్రికల్లో రాశారు. ఇప్పటికీ చాలామంది కోచ్‌లు చెప్పేది ఇదే. వినడానికి బాగానే ఉంటుంది. కానీ గుర్రం మీద కూర్చున్న మనిషి పరుగు తీసేవాడిలా రొప్పడు. అయినా స్వారీ చేసేవాళ్ళలో నూటికి 62 మందికి ఈ నొప్పి వచ్చింది. సైకిల్ మీద ఎత్తు ఎక్కేవాళ్ళు ఊపిరాడనంతగా రొప్పుతారు, వాళ్ళలో అందరికంటే తక్కువ. పైగా నొప్పి ఉన్న సమయంలోనే శ్వాస పరీక్ష చేసి చూస్తే గాలి పీల్చే శక్తి, వదిలే శక్తి మామూలుగానే ఉన్నాయి. డయాఫ్రమ్ నిజంగా అలసి నొప్పిపడుతుంటే ఆ లెక్క పడిపోవాలి కదా.

రెండోది, కండరం పట్టేయడం. పిక్క పట్టేసినట్టే డొక్క కండరం పట్టేస్తుందని, ఉప్పు తగ్గడం వల్లనని అంటారు. పిక్క పట్టేసినప్పుడు ఆ కండరంలో విద్యుత్ చర్య విపరీతంగా పెరుగుతుంది, పరికరం పెడితే కనిపిస్తుంది. డొక్కలో పోటు వచ్చినప్పుడు ఆ చోట అలాంటి పెరుగుదల లేదని 2008లో తేలింది. కాబట్టి ఇది కండరం పట్టు కాదు. ఓఆర్‌ఎస్ తాగితే పోతుందనుకోవడానికి ఆధారం లేదు.

మూడోది కాలేయం బరువు. పెద్దవాళ్ళలో కాలేయం దాదాపు కిలోన్నర ఉంటుంది, డయాఫ్రమ్ కింద లిగమెంట్లు అనే గట్టి పట్టీలతో వేలాడుతూ కుడివైపే ఉంటుంది. అడుగు పడినప్పుడల్లా అది కిందికి కుదుపుకు గురై లిగమెంట్లు సాగి నొప్పి వస్తుందని వాదన. నొప్పి కుడివైపు ఎక్కువగా ఉండటం దీనికి సరిపోతుంది. పొట్ట నిండుగా ఉన్నప్పుడు పెరగడం కూడా సరిపోతుంది. కానీ అన్నిటికంటే ఎక్కువగా బాధపడింది ఈతగాళ్ళు. నీళ్ళలో అడుగు పడేదెక్కడ, కుదుపేది? ఈ వాదనను పూర్తిగా కొట్టేయలేం గానీ, ఇది ఒక్కటే కారణం మాత్రం కాదు.

మరి ఈతకు, పరుగుకు, స్వారీకి కలిసేదేమిటి? మూడింట్లోనూ మొండెం పదేపదే కదులుతుంది. ఈతలో చేయి వేసిన ప్రతిసారీ నడుము పైభాగం తిరుగుతుంది, పరుగులో ఊగుతుంది, స్వారీలో ఎగిరిపడుతుంది. సైకిల్ మీద కాళ్ళు ఎంత తిరిగినా మొండెం దాదాపు కదలదు. ఆ అంకెల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ తేడాయే.

ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ ఇక్కడే మొదలవుతుంది. పొట్ట లోపలి గోడకు పెరిటోనియం అనే పలచని పొర ఉంటుంది. అదే పొర మడతపడి లోపలి అవయవాలను కూడా కప్పుతుంది. రెండు పొరల మధ్య కొద్దిపాటి ద్రవం ఉంటుంది. దాని వల్ల తడిసిన గాజు పలకలు ఒకదాని మీద ఒకటి జారినట్టు అవి రాపిడి లేకుండా జారుతుంటాయి. మొండెం పదేపదే కదిలేటప్పుడు, అందులోనూ జీర్ణాశయం నిండి ఉబ్బి గోడకు ఆనుకుని ఉన్నప్పుడు, ఆ జారుడు తగ్గి గోడ వైపు పొర ఒరుసుకుంటుంది. అక్కడ పుట్టేదే ఈ పోటు.

గోడ వైపు పొర, అవయవాల వైపు పొర నొప్పిని ఒకేలా చెప్పవు. పేగుల్లో గ్యాస్ పట్టినప్పుడు నొప్పి ఎక్కడుందో సరిగ్గా చెప్పలేం, పొట్టంతా తిప్పినట్టు ఉంటుంది. గోడ వైపు పొరకు చర్మానికి, కండరాలకు వెళ్ళే నరాలే వెళ్తాయి. అందుకే దానికి దెబ్బ తగిలితే నొప్పి సూటిగా, ఒక్క చోట తెలుస్తుంది. డొక్క పట్టుకున్న కుర్రాడు ఒక్క వేలితో చోటు చూపించగలిగేది అందుకే. ఇక భుజం సంగతి. డయాఫ్రమ్ కింద భాగాన ఉన్న పొరకు ఫ్రెనిక్ నరం వెళ్తుంది. ఆ నరం పొట్ట దగ్గర పుట్టదు, మెడలోని వెన్నుపాము నుంచి బయల్దేరి ఛాతీ గుండా కిందికి దిగుతుంది. భుజం కొసన ఉన్న చర్మం కబురు కూడా మెడలో అదే మెట్టు దగ్గరికి చేరుతుంది. రెండు కబుర్లు ఒకే చోటికి రావడంతో మెదడు పొరపడి, డయాఫ్రమ్ కింద పుట్టిన నొప్పిని భుజంలో ఉన్నట్టు చూపిస్తుంది. మిగతా వాదనల్లో ఏదీ ఈ రెండు లక్షణాలనూ ఇంత శుభ్రంగా కలపలేదు. అయినా ఇది రుజువైపోయిన విషయమని అనను. పరుగెత్తే మనిషి పొట్ట లోపల రాపిడిని కళ్ళతో చూసే మార్గం లేదు కాబట్టి, లక్షణాలకు అన్నిటికంటే బాగా సరిపోయే వివరణగానే దీన్ని తీసుకోవాలి.

వెన్నెముక పాత్ర కూడా కొంత ఉంది. ఛాతీ వెనక ఉన్న కింది వెన్నుపూసల దగ్గర నుంచే పొట్ట గోడకు నరాలు వస్తాయి. 2004లో ఈ నొప్పి తరచూ వచ్చే కొందరు రన్నర్ల వీపు మీద ఆ పూసల కీళ్ళను వేళ్ళతో నొక్కితే, వాళ్ళలో కొంతమందికి పరుగులో వచ్చే అదే నొప్పి మళ్ళీ తెలిసింది. వీపు గూనిగా ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువగా వస్తుందని ఆ తర్వాత మరో పరిశీలనలో కనిపించింది. రాత్రంతా పుస్తకం మీదో ఫోన్ మీదో వంగి కూర్చుని పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చే అభ్యర్థులు ఈ ముక్క పట్టించుకోవాలి.

తిండి, నీళ్ళు

మన చేతిలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఇదే. సిడ్నీలో ఏటా జరిగే సిటీ టు సర్ఫ్ 14 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్నవాళ్ళలో 848 మందిని అడిగి చూస్తే, 27 శాతం మందికి ఆ రోజు ఈ నొప్పి వచ్చింది. పరుగుకు ఒకటి రెండు గంటల ముందు ఎక్కువ పరిమాణంలో తిని తాగినవాళ్ళకే అది ఎక్కువగా వచ్చింది. ఏం తిన్నారన్నది పెద్ద తేడా చూపలేదు, ఎంత తిన్నారన్నదే చూపింది. "అన్నం తిని పరుగెత్తకురా, డొక్కలో పట్టేస్తుంది" అని మన ఇళ్ళల్లో పిల్లల్ని ఆపే మాట అక్షరాలా నిజమన్నమాట.

తాగేవాటి విషయంలో మాత్రం ఏం తాగామన్నదీ ముఖ్యమే. 2004లో నీళ్ళు, స్పోర్ట్స్ డ్రింక్, పండ్ల రసం వేర్వేరు రోజుల్లో తాగించి పరుగెత్తించి చూశారు. పండ్ల రసం తాగినప్పుడు నొప్పి ఎక్కువగా వచ్చింది, గట్టిగానూ వచ్చింది. ఆ రసంలో చక్కెర సుమారు 10 శాతం. చిక్కటి తీపి పానీయం జీర్ణాశయం నుంచి తొందరగా కిందికి దిగదు. పైగా పేగుల్లోకి వెళ్ళాక ఒంట్లోని నీటినే తన వైపు లాక్కుంటుంది. కాబట్టి తాగింది ఒక గ్లాసే అయినా పొట్ట మాత్రం ఉబ్బుగానే ఉంటుంది.

ఇప్పుడు గ్రౌండ్ పక్కన ఏం జరుగుతుందో చూడండి. చిన్న వాటర్ బాటిల్‌లో సగం నీళ్ళు పోసి, గ్లూకోజ్ ప్యాకెట్ చించి, "ఎనర్జీ వస్తుంది" అని ఎంత పడితే అంత ఒంపి, మూత పెట్టి ఊపి, పరుగుకు పది నిమిషాల ముందు గటగటా తాగేస్తారు. 200 మిల్లీలీటర్ల నీళ్ళలో 30 గ్రాముల పొడి కలిపితే చక్కెర దాదాపు 13, 14 శాతం లెక్కకు వస్తుంది. నొప్పి పుట్టించిన పండ్ల రసం కంటే ఇది చిక్కన. అసలు ఎనిమిది నిమిషాల లోపు అయిపోయే పరుగుకు అప్పటికప్పుడు చక్కెర అవసరమే లేదు. కండరాల్లో ఉన్న నిల్వ దానికి బోలెడంత. ఎండలో గంటల తరబడి ప్రాక్టీస్ చేసేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు పలచగా కలుపుకుని కొద్దికొద్దిగా గుక్కలు వేసుకోవచ్చు. కానీ పరుగు ముందు చిక్కటి గ్లూకోజ్ తాగే అలవాటు ఎంత తొందరగా మానేస్తే అంత మంచిది.

భోజనం కడుపునిండా తింటే కనీసం రెండు గంటలు, వీలైతే మూడు గంటలు ఆగాలి. సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్ళేవాళ్ళకు మధ్యాహ్నం అన్నంతో ఇబ్బంది ఉండదు, నాలుగింటికి బండి దగ్గర తినే మిరపకాయ బజ్జీలతోనే చిక్కంతా. నూనె వస్తువులు జీర్ణాశయంలో చాలాసేపు ఉండిపోతాయి.

నొప్పి వచ్చేశాక

పరుగు మధ్యలో ఉన్నారు, పోటు మొదలైంది. వెంటనే ఆగిపోవాల్సిన పని లేదు. వేగం తగ్గించి, నొప్పి ఉన్న చోట రెండు మూడు వేళ్ళతో లోపలికి, కాస్త పైకి నొక్కిపట్టి, నడుము దగ్గర కొంచెం ముందుకు వంగి, పెదాలు దగ్గరకు చేర్చి గాలి నెమ్మదిగా పూర్తిగా వదలండి. అలా కొన్ని శ్వాసలు తీసుకోండి. 1999లో న్యూజిలాండ్‌లో చేసిన ఒక చిన్న ప్రయోగంలో నీళ్ళు తాగించి నొప్పి పుట్టించి చూసినప్పుడు, ముందుకు వంగడం, నడుము చుట్టూ బెల్టు బిగించడం, పెదాలు బిగించి శ్వాస తీసుకోవడం ఉపశమనం ఇచ్చాయి. మూడూ ఏదో రకంగా పొట్ట గోడకు లోపలి నుంచో బయటి నుంచో ఆసరా ఇచ్చేవే. నడిచే వీలుంటే నొప్పి ఉన్న వైపు చేయి పైకెత్తి, రెండో వైపుకు వంగి డొక్కను సాగదీయడం కూడా కొందరికి పనిచేస్తుంది.

కుడి పాదం నేల మీద పడేటప్పుడు గాలి వదలకు, ఎడమ పాదానికి వదులు అనే సలహా రన్నర్లలో బాగా తిరుగుతోంది. కాలేయం కుదుపు వాదన నుంచి పుట్టిన మాట ఇది. ఆ వాదనే సగం నిలబడింది కాబట్టి ఈ చిట్కా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చేసి చూడటంలో నష్టమేమీ లేదు. కాకపోతే పరీక్ష రోజు పాదాలు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడితే ఉన్న లయ కూడా పోతుంది.

తరచూ వచ్చేవాళ్ళకు రెండు పనులు చెబుతాను. ఒకటి ప్లాంక్ లాంటి వ్యాయామాలు. పొట్టను లోపలి నుంచి నడికట్టులా చుట్టి ఉండే అడ్డ కండరం మందంగా ఉన్న రన్నర్లకు ఈ నొప్పి తక్కువగా వస్తోందని 2014 నాటి పరిశీలన చెబుతోంది. రెండోది, వీపు పైభాగాన్ని వెనక్కి విరుస్తూ, పక్కలకు తిప్పుతూ రోజూ కాసేపు సాగదీయడం. వెడల్పైన నడుము బెల్టు కట్టుకుని పరుగెత్తి చూడటం కూడా మంచిదే, ప్రాక్టీస్‌లో హాయిగా అనిపిస్తే కొనసాగించండి.

పిల్లలు, పెద్దలు, అనుమానాలు

వయసు పెరిగేకొద్దీ ఈ నొప్పి తగ్గుతుంది. పిల్లల్లో, కుర్రవాళ్ళలోనే ఎక్కువ. మధ్యాహ్న భోజనం అవ్వగానే ఆటల పీరియడ్ ఉన్న బడిలో ఏదో ఒక పాప డొక్క పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని నాటకం అనకండి. రెండు నిమిషాలు కూర్చోనిస్తే తనే లేచి ఆడుతుంది. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందనుకోవడమూ పొరపాటు. శరీర బరువుకు, ఈ నొప్పికి సంబంధం కనిపించలేదు, ఆడా మగా తేడా కూడా కనిపించలేదు. బాగా సాధన ఉన్నవాళ్ళకూ వస్తుంది. తిని పరుగెత్తితే అపెండిసైటిస్ వస్తుందన్న భయం చాలా ఇళ్ళల్లో ఉంది. దానికి ఆధారం లేదు. అపెండిసైటిస్ నొప్పి పరుగు ఆపితే పోదు. సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై గంటల్లో కుడివైపు కింది పొట్టకు దిగుతుంది, జ్వరం, వాంతులు తోడవుతాయి.

కాకపోతే డొక్కలో వచ్చే ప్రతి నొప్పీ ఇదేనని తోసిపారేయడం ప్రమాదం. విశ్రాంతి తీసుకున్నా అరగంటలో తగ్గకపోయినా, పరుగు లేనప్పుడు కూడా వస్తున్నా, జ్వరం, వాంతులు, మూత్రంలో రక్తం లాంటివి కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. నలభై దాటి కొత్తగా నడక మొదలుపెట్టినవాళ్ళకు ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు పడితే అది గుండె నొప్పి కావచ్చు. వెంటనే ఆగి 108కి ఫోన్ చేయాలి. అలాంటప్పుడు భుజం నొప్పిని డొక్క పోటు ఖాతాలో వేయకండి. సికిల్ సెల్ అనే రక్త వ్యాధి ఉన్నవాళ్ళకు శ్రమ తర్వాత ఎడమ పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వస్తే ప్లీహానికి సంబంధించినది కావచ్చు, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఈవెంట్ రోజు

పొద్దున్నే గేటు దగ్గర లైను, సర్టిఫికెట్లు, వేలిముద్రలు, ఆపైన నిరీక్షణ. మీ బ్యాచ్‌ను ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి రెండు గంటల లెక్క తప్పుతుంది. ఖాళీ కడుపుతో నాలుగు గంటలు నిలబడితే నీరసం, బాగా తిని వెళ్తే ఇరవై నిమిషాల్లో పిలుపు రావచ్చు. అందుకే రాత్రి భోజనం వేళకు, సరిపడా తినండి. పొద్దున లేవగానే ఒక గ్లాసు నీళ్ళు, గ్రౌండ్‌కి బయల్దేరే ముందు ఒక అరటిపండో రెండు ఇడ్లీలో చాలు. లైనులో ఆకలేస్తే ఒక్కో బిస్కెట్ తినండి, ప్యాకెట్ మొత్తం కాదు. నీళ్ళు రెండు గుక్కల చొప్పున అప్పుడప్పుడు తాగండి. పేరు పిలిచాక ఇక తాగొద్దు, నోరు ఎండితే పుక్కిలించి ఊసేయండి.

ఈ పద్ధతి కూడా ఆ రోజే మొదటిసారి చేయకండి. ప్రాక్టీస్‌లో ఒక వారం తిండి వేళ మార్చి చూడండి, మరో వారం తాగేది మార్చి చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే మీ నొప్పికి ఏది కారణమో తేలదు. ఏ రోజు ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, నొప్పి ఏ రౌండులో వచ్చింది అని ఫోన్‌లో రాసుకుంటే నెల తిరిగేసరికి మీ పొట్ట లెక్క మీకే తెలుస్తుంది. గుంపుగా వదిలినప్పుడు అందరూ మొదటి 200 మీటర్లు ప్రాణం పెట్టి ఉరుకుతారు. మీరు మాత్రం మొదటి రౌండు మీ ప్రాక్టీస్ వేగంలోనే ఉంచుకోండి. పోటు తగిలినా కాసేపు నొక్కిపట్టి నడిపించడానికి కాస్త వెసులుబాటు ఉంటుంది.